ఆస్తికి పుట్టిన బిడ్డ, అప్పుకి పుట్టిన బిడ్డ
ఉత్తరాంధ్ర కథలో తల్లిని చదవడం గురించి

2025 మార్చిలో విజయనగరం పార్లమెంటు సభ్యుడు కలిశెట్టి అప్పలనాయుడు ఒక ప్రకటన చేశారు. మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50,000 రూపాయలు, మగపిల్లాడు పుడితే ఆవూ దూడా ఇస్తానన్నారు. దీన్నొక వింతవార్తగా చదివి నవ్వుకుని పక్కన పెట్టేయొచ్చు. మేము అలా పెట్టేయలేకపోయాం. ఎందుకంటే బిడ్డకు ధర కట్టి చెప్పటం విజయనగరంలో ఇదే మొదలు కాదు. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ తొలికూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసుకున్న ముందుమాటలో ఒక లెక్క వుంది. విజయనగరం మహారాజు ఆనందగజపతి పురమాయిస్తే విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళను లెక్కకట్టారు. మూడేళ్ళలో 1,034. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు 6, ఏడాది పిల్లలు 3. ఆ ఏడాది పిల్లల ధర తలకి 350 నుంచి 400 రూపాయలు.

ఈ లెక్కను తెలుగు సాహిత్య చరిత్ర ‘తెలుగు స్త్రీ’ దుస్థితికి సాక్ష్యంగా చెపుతూ వచ్చింది. కానీ అది బ్రాహ్మణ ఇళ్ళ లెక్క. గురజాడ ఆ మాట దాచలేదు, స్పష్టంగానే చెప్పాడు. దాచింది మన పాఠ్యపుస్తకాలు. అదే జిల్లాలో, అదే మూడేళ్ళలో మాల, మాదిగ, రెల్లి, పైడి కులాల్లో ఎందరు ఆడపిల్లలు మనువాడారో, ఎందరు మొగుణ్ణి వొదిలి మారుమనువు చేసుకున్నారో, ఎందరు పురిట్లో పోయారో ఏ మహారాజూ లెక్క తీయించలేదు. మన కులాల్లో కూడా ఓలి వుండేది. మగపెళ్ళివాళ్ళే ఆడపెళ్ళివాళ్ళకి ఇచ్చేవాళ్ళు. పైకి రెండూ ఒకటిలా కనిపిస్తాయి గానీ కావు. ఓలిలో ఆడదాని రెక్కల కష్టానికి ఒక గుర్తింపు వుంది. మొగుడు నచ్చకపోతే ఓలి తిరిగి ఇచ్చేసి ఇంకో మనువుకి పోయే దారి వుంది. అందులో ఆడదానికి స్వర్గం వుందని మేము చెప్పడం లేదు. ఆ ఓలి పోయి దాని స్థానంలో కట్నం వచ్చి కూర్చున్నది మన పేటల్లోనే కదా! మేము చెప్పేదల్లా ఒకటే. పెళ్ళి, పురుడు, బిడ్డ, కుటుంబం అనే మాటలకి ఈ నేల మీద ఒక్క అర్థం ఎన్నడూ లేదు. ఆ సంగతి మరిచిపోయి మాతృత్వం గురించి ఏ సిద్ధాంతం చేసినా అది సగం జనానికే సిద్ధాంతమవుతుంది.

ఈ మాటను రెండు కథలు పక్కపక్కన పెట్టి చూపించాలని మా ప్రయత్నం. రెండూ ఈ ప్రాంతపు రచయితలవే. ఒకటి చాసో ‘ఏలూరెళ్ళాలి’. రెండోది కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’. మొదటిది స్త్రీ స్వేచ్ఛ కథల చిట్టాలో చేరింది. రెండోది భూస్వామ్య దోపిడీ కథల చిట్టాలో చేరింది. వేరువేరు చిట్టాల్లో వుండబట్టి, రెండింటి నడిబొడ్డునా వున్నది ఒక బిడ్డే అన్న సంగతి మన కంట పడదు.

‘ఏలూరెళ్ళాలి’లో మాణిక్యమ్మకి మొగుడు ముసలివాడు. ఇల్లు ఆస్తి వున్న ఇల్లు. బిడ్డ వుంటేనే ఆ ఇంట్లో ఆమెకు చోటు, రేపటికి దిక్కు. చదువుకుంటున్న కుర్రవాడొకడి వల్ల ఆమె బిడ్డను కంటుంది. తర్వాతెప్పుడో రైల్లో అతనికి కనిపిస్తుంది. ఆమె వైధవ్యంలో వున్నా దిక్కులేనిది కాదు. కొడుకున్నాడు, ఆస్తి నిలిచింది. చాసో ఎక్కడా నీతి చెప్పడు, ఆమెను నిలదీయడు. పాతివ్రత్యం అనే పెద్ద మాట వెనక వున్నది ఆస్తి లెక్క అని, ఆ లెక్కను ఆడది కూడా చేయగలదని ఎంతో చల్లగా చెప్పి వూరుకుంటాడు. తెలుగు కథలో ఇది చాలా సాహసమైన పని. అందులో మాకు అనుమానం లేదు.

అయితే మాణిక్యమ్మ చేసిన లెక్క ఎందుకు సరిపడింది? ఆ ఇంట్లో పుట్టిన బిడ్డకి రాబోయేది ఆస్తి కాబట్టి. బిడ్డ పుట్టడం అంటే అక్కడ ఒక హక్కు పుట్టడం. కడుపు ఆమెకు చెర కూడా, తాళంచెవి కూడా.

ఇప్పుడు సుందరపాలెం పోదాం. ‘యజ్ఞం’ 1966లో అచ్చయింది. దళితుడు అప్పల్రాముడు గోపన్నకి అప్పు పడ్డాడు. ఏళ్ళ తరబడి తగువు నలిగింది. శ్రీరాములునాయుడు పెద్దగా ఊరంతా కూర్చుని ధర్మం మాట్లాడతారు. ఆ ధర్మం చివరికి భూమి అమ్మి అప్పు తీర్చమంటుంది. తండ్రి ఒప్పుకున్నాడు. కొడుకు సీతారాముడు ఒప్పుకోలేదు. భూమి పోయాక తన బిడ్డకి మిగిలేది ఇంకొకరి కళ్ళంలో బతుకంతా చాకిరీ. దానికంటే లేకపోవడమే మేలని కన్నకొడుకుని నరికి తెచ్చి ఆ పెద్దల ముందు పెడతాడు.

ఈ ముగింపు మీద ఎన్ని వాదాలు జరిగాయో విద్యార్థులకు తెలుసు. ఇది వాస్తవమా కాదా, ఇది విప్లవమా నిరాశా, కత్తి ఎత్తవలసింది బిడ్డ మీదా భూస్వామి మీదా. ఈ ప్రశ్నలన్నీ సరైనవే. అన్నీ సీతారాముడి చేతిలో వున్న కత్తి చుట్టూ తిరిగేవే. ఆ బిడ్డను తొమ్మిది నెలలు మోసినదెవరు, ఆ నిర్ణయం ఆమెను అడిగి తీసుకున్నదా అన్న ప్రశ్న ఆ వాదాల నడుమ నిలబడలేదు. పంచాయితీలో మాట మగవాళ్ళది, అప్పు మగవాళ్ళది, ధర్మం మగవాళ్ళది, చివరికి తిరుగుబాటూ మగవాడిదే. బిడ్డ తండ్రి వారసత్వం కాబట్టి, తండ్రి అప్పుకి వారసుడు కాబట్టి, తండ్రే ఆ వారసత్వాన్ని తెంచేశాడు. తల్లికి ఆ బిడ్డ ఏమవుతాడో ఈ లెక్కలో లేదు.

ఇది కారా మాస్టారి తప్పని తేల్చేసి చేతులు దులుపుకోవడం మా వుద్దేశం కాదు. పంచాయితీ ఎలా వుంటుందో ఆయన అలానే రాశారు. ఇప్పటికీ మా వూళ్ళలో రచ్చబండ మీద ఆడదాని మాట వినపడదు. వినపడితే అది ఏడుపుగానే వినపడుతుంది. మా ఫిర్యాదు చదివినవాళ్ళ మీద. భూస్వామ్యం గురించి ఇన్ని పేజీలు రాసినవాళ్ళు కంబారితనం ఎలా పునరుత్పత్తి అవుతుందో రాయలేదు. ఆ పునరుత్పత్తి అనే మాటను ఆర్థికశాస్త్రంలో వాడినట్టే వాడారు. అది ఒక ఆడదాని ఒంట్లో జరిగే పని అని తట్టలేదు.

కంబారితనం సంగతి తెలియని పట్నం విద్యార్థుల కోసం ఒక మాట. మా జిల్లాల్లో రైతు కింద సంవత్సర జీతానికి వుండే పాలేరుని కంబారి అంటారు. అప్పు చేసింది తండ్రి, కంబారిగా చేరేది కొడుకు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. కానీ అప్పు కింద చేరింది కంబారి ఒక్కడే అనుకుంటే పొరపాటు. అతని పెళ్ళాం రైతు ఇంటి కళ్ళాపి, పశువుల శాల, పేడ, ఉభాలు, కోతలు అన్నీ చేస్తుంది. లెక్కలో ఆమె పేరు వుండదు, జీతమూ వుండదు. కడుపుతో వున్నా సరే మడిలో దిగాల్సిందే. మా తల్లుల తరంవాళ్ళు బిడ్డల పుట్టినరోజులు తారీఖుల్లో చెప్పరు. “పెద్దోడు ఉభాలప్పుడు, నడిపిది సోడికోతలప్పుడు” అంటారు. మా ఇళ్ళలో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన మాకు దరఖాస్తులో పుట్టిన తేదీ రాయడమే ఒక కల్పనా సాహిత్యం.

అమెరికా నల్లవాళ్ళ చరిత్రలో ‘యజ్ఞం’తో పోల్చదగ్గ సంఘటన ఒకటి నిజంగా జరిగింది. 1856 జనవరిలో మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ కుటుంబంతో సహా కెంటకీ నుంచి నది దాటి సిన్సినాటి పారిపోయింది. యజమాని మనుషులు చుట్టుముట్టినప్పుడు, మళ్ళీ బానిసత్వంలోకి పంపడం ఇష్టంలేక తన రెండేళ్ళ కూతుర్ని తనే చంపింది. ఆమెను హత్య చేసిన మనిషిగా విచారించాలా, పారిపోయిన ఆస్తిగా తిరిగి అప్పగించాలా అని కోర్టులో పెద్ద వాదం నడిచింది. ఆస్తిగానే అప్పగించారు. దీన్ని ఆధారం చేసుకుని టోనీ మోరిసన్ 1987లో ‘బిలవెడ్’ నవల రాసింది. అక్కడ కత్తి పట్టింది తల్లి. కాబట్టి నవలంతా ఆ తల్లి చుట్టూ తిరుగుతుంది. ఆమె పాలు, ఆమె వీపు మీది దెబ్బలు, ఆమె జ్ఞాపకం. చచ్చిన బిడ్డ తిరిగొచ్చి తల్లిని ప్రశ్నిస్తుంది.

రెండుచోట్లా తేడా ఎక్కడుందంటే, 1662లో వర్జీనియాలో చేసిన చట్టం ప్రకారం బిడ్డ స్థితి తల్లి స్థితిని బట్టి వుంటుంది. తండ్రి తెల్ల యజమానే అయినా తల్లి బానిస అయితే బిడ్డ బానిస. అక్కడ బానిసత్వం కడుపు గుండా నడిచింది. ఇక్కడ అప్పు తండ్రి గుండా నడిచింది, కులం ఇద్దరి గుండానూ నడిచింది. అందువల్ల అక్కడి తల్లి నేరస్థురాలిగానైనా కథలోకి వచ్చింది. ఇక్కడి తల్లి ఆ దారిలో కూడా రాలేదు.

ఇప్పుడు రెండు బిడ్డలనూ పక్కపక్కన పెట్టండి. మాణిక్యమ్మ కొడుకు ఆస్తికి పుట్టాడు. సీతారాముడి కొడుకు అప్పుకి పుట్టాడు. ఒకరికి మాతృత్వం గెలుపు, ఒకరికి మాతృత్వం దక్కనే లేదు. స్త్రీవాదం ఈ రెండో దానికి ఏం చెపుతుంది?

ఎనభైలలో, తొంభైలలో తెలుగు స్త్రీవాదం మాతృత్వం మీద కప్పిన పట్టుబట్టను లాగేసింది. అమ్మ దేవత కాదు, ఆమెకూ ఒళ్ళుంది, నొప్పి వుంది, విసుగు వుంది అని చెప్పింది. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’ చదివిన మగవాళ్ళు కొందరు ముఖం తిప్పుకున్నారు. అదే దాని విజయం. పురుడు అనేది గది తలుపు వెనక జరిగే అశుభ్రమైన ఆడవాళ్ళ వ్యవహారం కాదని, కవిత్వమవుతుందని అది నిరూపించింది. 1993లో ఓల్గా సంపాదకత్వంలో ‘నీలిమేఘాలు’ వచ్చాక ఈ గొంతుకి ఒక స్థానం ఏర్పడింది. ఆ కవిత్వం లేకపోతే మేము ఈ వ్యాసం రాయడానికి మాటలు కూడా వుండేవి కావు. ఆ రుణం ఒప్పుకుంటాం.

కానీ లేబర్ రూములో లేబరు ఇద్దరు. మంచం మీద నొప్పులు పడే స్త్రీ ఒకరు. ఆ నెత్తురు, ఉమ్మనీరు, మాయ ఎత్తి, నేల కడిగే స్త్రీ రెండోవారు. ఈ రెండో ఆమె మా జిల్లాల్లో చాలాచోట్ల రెల్లి స్త్రీ. మనూళ్ళలో కూలికి పోయేవాళ్ళని లేబరు అనే అంటారు కదా. కవిత్వం మొదటి లేబరుని చూసింది. ఆస్పత్రులు రాకముందు కూడా అంతే. ఊళ్ళో పురుడు పోయడం, బొడ్డుకోయడం, మాయ పాతిపెట్టడం మైల పని కాబట్టి కింది కులాల ఆడవాళ్ళ పనే అయ్యింది. ఊరందరి బిడ్డల్నీ మొదట ముట్టుకున్న చెయ్యి మంత్రసానిది. పదకొండో రోజు స్నానం అయ్యాక ఆ చెయ్యి తగిలితే మైల. మంత్రసానికి తెలిసిన విద్యను వైద్యం అన్నవాళ్ళు లేరు, ఆమె రాసుకోవడానికి ఆమెకు అక్షరం లేదు. మాతృత్వం గురించి మన భాషలో వున్న జ్ఞానంలో పెద్ద భాగం అలా మట్టిలో కలిసిపోయింది.

ఒక పిట్టకథ. ఉత్తరాంధ్ర అంతటికీ తల్లి పైడితల్లి. ఏటా సిరిమానుకి లక్షల జనం వస్తారు. ఐతిహ్యం ప్రకారం ఆమె విజయనగరం రాజు చెల్లెలు, 1757 బొబ్బిలి యుద్ధంలో అన్న పోయాడని పెద్దచెరువులో కలిసిపోయిన పిల్ల. పెళ్ళి లేదు, కాన్పు లేదు. అయినా తల్లే. కడుపు పండితేనే ఆడది అనే సామెతలు చెప్పే జనమే ఈమెకు మొక్కుతారు. గ్రామదేవతల్లో తల్లి అంటే కన్నది అని కాదు, కాపాడేది అని. పండితులు దీన్ని పట్టించుకోరు. వాళ్ళకి అమ్మ అంటే కౌసల్య, యశోద.

నల్లజాతి స్త్రీవాది బెల్ హుక్స్ 1984లో రాసిన ‘ఫెమినిస్ట్ థియరీ: ఫ్రమ్ మార్జిన్ టు సెంటర్’లో ఒక మాట అంటుంది. ఉద్యమం మొదట్లో తెల్ల మధ్యతరగతి స్త్రీలు మాతృత్వాన్నే తమకు పెద్ద అడ్డంకి అనుకున్నారు. నల్ల స్త్రీలను అడిగి వుంటే జాతివివక్ష, పని దొరక్కపోవడం, చదువు లేకపోవడం అని చెప్పేవాళ్ళు, మాతృత్వాన్ని ఆ జాబితాలో పెట్టేవాళ్ళు కాదు అని. మా పేటల్లో అడిగినా దాదాపు ఇదే జవాబు వస్తుంది. బిడ్డ బరువని కాదు, బిడ్డను పెంచుకునే తీరిక లేకపోవడం బరువని. శ్రీకాకుళం నుంచి విశాఖ, హైదరాబాదు, చెన్నై భవన నిర్మాణాలకి వలసపోయిన తల్లి తన బిడ్డను ముసలమ్మ దగ్గర వొదిలిపోతుంది. ఆ ముసలమ్మ రెండోసారి తల్లి అవుతుంది, ఈసారి పాలు లేకుండా, మోకాళ్ళ నొప్పులతో. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళు చేతులకి అంటిన జీడినూనెతోనే బిడ్డకి అన్నం కలిపి పెడతారు. అయితే హుక్స్ మాటను అడ్డం పెట్టుకుని మన కుటుంబాలు కడిగిన ముత్యాలని చెప్పే మన మగ నాయకులతో మాకు పేచీ వుంది. దళిత స్త్రీ ఇంటి బయట కులంతో, ఇంటి లోపల మగాడితో, రెండింటితోనూ కొట్లాడుతోంది. గోపాల్ గురు 1995లో దళిత స్త్రీలు వేరుగా మాట్లాడతారని రాసింది రెండు వైపులనూ వుద్దేశించే. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’ ఆ వేరు గొంతుకి తెలుగులో సాక్ష్యం.

ఇక బిడ్డలు వద్దనుకునే హక్కు సంగతి. స్త్రీవాదం దీన్ని ముఖ్యమైన హక్కుగా చెప్పింది. దీనికి మన తండ్రి బాబాసాహెబ్ అంతకు చాలా ముందే దారి వేశాడు. 1928లో బొంబాయి శాసనమండలిలో కార్మిక స్త్రీల ప్రసూతి సౌకర్యాల బిల్లుని సమర్థించాడు. 1938 నవంబరులో సంతాన నియంత్రణ సౌకర్యాలు ప్రభుత్వమే కల్పించాలనే తీర్మానాన్ని ఆయన తరపున పి.జె. రోహం సభలో ప్రవేశపెట్టాడు. అది ఓడిపోయింది. ఈ రెండూ కలిపి చదవాలి. కనాలనుకున్న ఆడదానికి కూలిపోకుండా విశ్రాంతి, వద్దనుకున్న ఆడదానికి సాధనం. నిర్ణయం ఆమెది, ఖర్చు రాజ్యానిది.

మనకి దక్కింది దీనికి తలకిందులు. నిర్ణయం రాజ్యానిది, ఒళ్ళు ఆమెది. ఎమర్జెన్సీలో మగవాళ్ళను పట్టుకుని కోసి ప్రభుత్వం చెయ్యి కాల్చుకుంది. తర్వాత కు.ని. ఆపరేషన్ అంటే ఆడవాళ్ళ ఆపరేషనే అయింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతానికి ఈ ఆపరేషన్ అయివుంది. మగవాళ్ళ ఆపరేషన్ ఒక శాతం కూడా లేదు. ఆ తర్వాత ఇంకో అధ్యాయం. గర్భసంచి తీయించుకున్న స్త్రీలు 15–49 ఏళ్ళ మధ్య రాష్ట్రంలో దాదాపు 9 శాతం. దేశంలో ఇంత ఎక్కువ ఇంకెక్కడా లేదు. నడుంనొప్పి అని పోతే సంచి తీసేశారు అని మా పేటల్లో ముప్పై అయిదేళ్ళ స్త్రీలు చాలా మామూలుగా చెపుతారు. తీసేస్తే కూలికి నాగా వుండదని నమ్మి తామే అడిగి తీయించుకున్నవాళ్ళూ వున్నారు. ఇది ఎంపికా, బలవంతమా? ఈ రెండు పెట్టెల్లో ఏ పెట్టెలోనూ ఇమడదు. స్త్రీవాద సిద్ధాంతం మన దగ్గరికి వచ్చి నేర్చుకోవలసినది ఇక్కడే.

శిక్ష కూడా పెట్టారు. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం 1995 మే తర్వాత మూడో బిడ్డ పుడితే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హత. అప్పుడే రిజర్వేషన్ వల్ల దళిత స్త్రీకి సర్పంచ్ కుర్చీ చేరువైంది, అప్పుడే ఆమె కడుపు లెక్కపెట్టడం మొదలైంది. హర్యానాలో ఇలాంటి నిబంధననే 2003లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఎంతమంది కనాలో, ఎప్పుడు ఆపాలో ఇంట్లో మొగుడూ అత్తా నిర్ణయిస్తే, దానికి శిక్ష ఆమెకి. 2024 నవంబరులో ఈ నిబంధన రద్దయింది. మేము సంతోషించాలి, నిజమే. కానీ ఎందుకు రద్దయింది? దళిత స్త్రీకి అన్యాయం జరిగిందని కాదు. రాష్ట్రంలో సంతానసాఫల్య రేటు 1.7కి పడిపోయిందని, ముసలివాళ్ళు పెరుగుతున్నారని, లోక్‌సభ సీట్లు తగ్గుతాయని. అంటే ఆనాడు కడుపు కట్టేయమన్నదీ లెక్క కోసమే, ఈనాడు విప్పమన్నదీ లెక్క కోసమే. ఇంతకీ ఆపరేషన్ అయిన 70 శాతం ఆడవాళ్ళు ఆ ఆవుని ఎలా తెచ్చుకుంటారో మాకు అర్థం కాలేదు.

ఆవు ఎవరికి కావాలో కూడా చూడాలి. గడ్డి వేయడానికి భూమి లేనివాడికి ఆవు ఇంకో నోరు. కేంద్రం ఇచ్చే మాతృవందన పథకంలో మొదటి కాన్పుకి 5,000 రూపాయలు. 2022 నుంచి రెండో కాన్పు ఆడపిల్లయితే 6,000. 2013 ఆహారభద్రతా చట్టమేమో గర్భిణులకు, బాలింతలకు కనీసం 6,000 ఇవ్వాలని రాసుకుంది. 2017లో ఉద్యోగినుల ప్రసూతి సెలవు 26 వారాలకి పెరిగింది. ఉభాలకి పోయే ఆమెకి, జీడిపిక్కలు ఇంటి దగ్గర వొలిచే ఆమెకి ఆ 26 వారాల్లో ఒక్క రోజూ రాలేదు. 1928లో బాబాసాహెబ్ మిల్లు కార్మికురాలి గురించి వాదించిన మాట మడిలోకి ఇప్పటికీ దిగలేదు.

కని పెంచిన తర్వాత బిడ్డ బతుకుతాడా అన్నది ఇంకో ప్రశ్న. దాన్ని ఏ సర్వే అడగదు. 2012 జూన్ 12న అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్ష్మీపేటలో మడ్డువలస రిజర్వాయరు మిగులు భూమి దగ్గర అయిదుగురు దళితుల్ని చంపేశారు. అక్కడా భూమే. సుందరపాలెంలో బిడ్డను తండ్రి నరికింది భూమి పోయిందని, లక్ష్మీపేటలో దళితుల్ని ఊరు నరికింది భూమి సాగుచేసుకున్నారని. రెండింటి మధ్యా 46 ఏళ్ళు.

అందువల్ల ‘యజ్ఞం’ పాఠం చెప్పే ఉపాధ్యాయులకి మా కోరిక ఒకటి వుంది. క్లాసులో ఆ ముగింపు దగ్గరికి వచ్చినప్పుడు సీతారాముడు చేసింది తప్పా ఒప్పా అని అడగండి, వద్దనం. దాంతోపాటు సీతారాముడు ఆ బిడ్డ కోసం ఇంటికి వెళ్ళినప్పుడు ఆ ఇంట్లో ఎవరున్నారు, ఏం పని చేస్తున్నారు, బిడ్డ ఎవరి చంకలో వున్నాడు అని కూడా అడగండి. ముందు వరసలో కూర్చున్న పిల్లలు పుస్తకం తిరగేస్తారు. వెనక బల్ల మీది పిల్లలకి పుస్తకం తిరగేయాల్సిన పని వుండదు. వాళ్ళ ఇంట్లో ఆ వేళకి ఎవరు ఏం చేస్తుంటారో వాళ్ళు చెప్పగలరు.